కందాయం రసీదులో లేని మోరి

చిక్కబళ్ళాపురంలో గానీ చింతామణిలో గానీ ఇల్లున్నవాళ్ళు ఒకసారి కందాయం రసీదు బయటికి తీయండి. ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ కాబట్టి ఆ నెలలోనే కట్టేసి, మడిచి బీరువాలో పెట్టేసి ఉంటారు. అసలు పన్ను మీద ఆరోగ్య సెస్సు 15 శాతం, గ్రంథాలయ సెస్సు 6 శాతం, భిక్షాటన నిరోధానికి మరో 3 శాతం. పుస్తకాలకు లెక్క ఉంది, బిచ్చగాళ్ళ పునరావాసానికీ లెక్క ఉంది. ఇంటిముందు మోరికి మాత్రం లేదు. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) ఉన్నచోట దానికి రుసుము కడతాం గానీ అది మురుగునీటిది. వాననీటి మోరిలో పూడిక తీయాలంటే సాధారణ నిధిలో మిగిలిందో, పైనుంచి వచ్చిన గ్రాంటో దిక్కు. గ్రాంటు వస్తే కొత్త మోరి కడతారు, దానికి శంకుస్థాపన ఉంటుంది. పూడికతీతకు శిలాఫలకం వేసిన ఊరు నేనింతవరకు చూడలేదు.

పూడిక ఎంత పని చేస్తుందో ఒక లెక్క చూద్దాం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంటు మోరి అనుకోండి. అందులో అడుగెత్తు మట్టి పేరుకుంది. సగం పూడింది, సగం నీళ్ళయినా పోతాయిలే అనుకుంటాం. పోవు. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో వెల్లడించిన సూత్రాన్నే ఇప్పటికీ ఇంజనీర్లు వాడుతున్నారు. దాని ప్రకారం నీళ్ళు పారే చోటు ఎంతన్నదే కాదు, అవి ఎంత గోడను రాసుకుంటూ పోతున్నాయన్నదీ లెక్కే. మన మోరిలో చోటు నాలుగు చదరపుటడుగుల నుంచి రెండుకు పడింది. నీళ్ళు రాసుకునే అంచు మాత్రం ఆరడుగుల నుంచి నాలుగుకే తగ్గింది. తక్కువ నీళ్ళు, ఎక్కువ రాపిడి. సూత్రంలో వేసి చూస్తే పారుదల 41 శాతానికి దిగజారుతుంది. అదీ పైన మట్టి సిమెంటంత నున్నగా ఉందనుకుంటే. పాలకవర్లు, టెంకాయ చిప్పలు, ఇటుక ముక్కలు ఈ లెక్కలో లేవు.

ఇక నీళ్ళ సంగతి. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. 30×40 సైటంతా మిద్దె కట్టేస్తే 111 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందా, ఆ ఒక్క మిద్దె మీద ఐదున్నర వేల లీటర్లు. ఎండాకాలంలో మనం డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరు నీళ్ళన్నమాట! పెరట్లో ఎర్రమట్టి, కరివేపాకు చెట్టు ఉన్న రోజుల్లో చాలా భాగం అక్కడే ఇంకేది. ఇప్పుడు మూల నుంచి మూలకు సిమెంటు, నూటికి తొంభై వంతులు మోరిలోకే. ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, అదీ ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు లోపే. 2021 నవంబరులో ఆలస్యంగా వచ్చి పడ్డ వానలకు చెరువులు మరవ పారి నీళ్ళు ఊళ్ళలోకి వచ్చిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు.

కాబట్టి మోరి ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ఇంటి విలువకన్నా ఇంటి కప్పు మంచి కొలత. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ నగరం 1974లోనే వాననీటికి విడిగా ఒక విభాగం పెట్టి, ఆస్తులకు రుసుము వేసింది. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటివి రెండువేలకు పైనే ఉన్నాయి. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్న మన పిల్లల్ని అడగండి. నీళ్ళు ఇంకని జాగా ఎంతుందో చూసి వేసే డ్రైనేజీ చార్జి నెలనెలా వాళ్ళ బిల్లులో ఉంటుంది. జర్మనీలో చాలా నగరాలు మురుగునీటికి ఒక లెక్క, వాననీటికి చదరపు మీటర్ల చొప్పున ఇంకో లెక్క వేస్తాయి.

మన దగ్గర కందాయం ఇప్పుడు మార్గసూచి ధర మీద నడుస్తోంది. బజారులో చిన్న అంగడికి ధర ఎక్కువ, ఊరి చివర సిమెంటు పరిచిన కల్యాణ మంటపానికి తక్కువ. మోరిలోకి నీళ్ళు పంపేది మాత్రం మంటపమే. ఊరికే ఉదాహరణకు, చదరపు మీటరుకు ఏడాదికి 2 రూపాయలు వేశారనుకోండి. మన మిద్దెకు 222 రూపాయలు. నాలుగువేల చదరపు మీటర్ల మంటపానికి 8,000. ఇంకుడు గుంత తవ్వినవాళ్ళకు సగం తగ్గించవచ్చు.

ఇదేదో విదేశాల సరుకని కొట్టిపారేయకండి. ఈ సీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, కాలువ చూసుకోవడం అతని పని. కోతలయ్యాక ఆయకట్టు రైతులు కల్లం దగ్గరే అతనికి గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. పని కళ్ళముందే కనిపించేది, కూలీ కళ్ళముందే ముట్టేది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మేరీలాండ్ రాష్ట్రం 2012లో పెద్ద కౌంటీలన్నీ ఇలాంటి రుసుము వేయాల్సిందేనని చట్టం చేస్తే, ప్రత్యర్థులు దానికి ‘వాన పన్ను’ అని పేరు పెట్టారు. 2015లో ఆ నిర్బంధం ఎత్తేయాల్సి వచ్చింది. మన సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో పన్ను వేరు, రుసుము వేరు అని తేల్చింది. రుసుము తీసుకుంటే దానికి తగిన సేవ ఉండాలి. మోరి డబ్బుకు విడి ఖాతా లేకపోతే అదీ ఇంకో కందాయమే అవుతుంది, అప్పుడు నేనూ ఒప్పుకోను.

ఇంకొకటి. మా వీధిలో ఓ ఏడాది మే నెలలో పూడిక తీసి మోరి గట్టునే పోశారు. నల్లటి కుప్పలు వారం ఎండి అట్టలు కట్టాయి. మొదటి వానకు ఎక్కడిది అక్కడికే జారింది. తీయడానికీ మోయడానికీ కలిపి డబ్బుండాలి. లేదంటే బాగేపల్లి మోరిలోది చిత్రావతిలో పడి, నదితోపాటు పుట్టపర్తి దాకా పోతుంది.

వచ్చే ఏప్రిల్‌లో కందాయం కట్టడానికి పోయినప్పుడు కిటికీ దగ్గర ఒక్క మాట అడగండి: మా వీధి మోరికి కిందటేడు ఎంత ఖర్చు పెట్టారు?