సర్వర్ మనది, లైను వాళ్లది.. బ్యాండ్‌విడ్త్ బిల్లు లెక్క ఇలా

సొంతంగా సర్వర్ కొని డేటా సెంటర్‌లో పెట్టించడాన్ని కోలొకేషన్ అంటారు. మిషన్ మనది. ర్యాక్‌లో చోటు, కరెంటు, ఏసీ, ఇంటర్నెట్ లైను వాళ్లవి. మడిగె అద్దెకు తీసుకుని సరుకు మనం తెచ్చుకున్నట్టే. చోటు అద్దె ముందే తెలుస్తుంది. కరెంటుకూ లెక్క ఉంది: 300 వాట్లు తీసుకునే సర్వర్ 30 రోజులు ఆగకుండా నడిస్తే 216 యూనిట్లు. చిక్కంతా బ్యాండ్‌విడ్త్ దగ్గరే.

ముందు ఒక గందరగోళం తీరాలి. కంపెనీలు లైను వేగాన్ని మెగాబిట్లలో, అంటే ఎంబీపీఎస్‌లో చెబుతాయి. మన ఫైళ్లేమో మెగాబైట్లలో ఉంటాయి. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. ఆ ప్రకారం 1 ఎంబీపీఎస్ లైను నెలంతా నిండుగా నడిస్తే వెళ్లే డేటా 324 జీబీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలా లెక్కలు నోటితోనే చేసేయొచ్చు.

ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్ అనుకుందాం. రోజూ సాయంత్రం 7 నుంచి 9 దాకా లైవ్ క్లాసు, 200 మంది పిల్లలు చూస్తారు. ఒక్కొక్కరికి వెళ్లే వీడియో 1 ఎంబీపీఎస్. అంటే ఆ రెండు గంటలూ 200 ఎంబీపీఎస్. రోజుకు 180 జీబీ, నెలకు 5,400 జీబీ. దాన్ని 324తో భాగిస్తే సగటు 17 ఎంబీపీఎస్ కూడా రాదు. ఓనర్ "20 ఎంబీపీఎస్ సరిపోతుందిలే" అని సంతకం పెట్టేస్తాడు. దెబ్బ తినేది ఇక్కడే.

ఎందుకంటే చాలాచోట్ల బిల్లు సగటు మీద వేయరు. 95వ పర్సంటైల్ అనే పద్ధతిలో వేస్తారు. ప్రతి 5 నిమిషాలకు ఒకసారి వాడకం రాసుకుంటారు. 30 రోజులకు 8,640 రీడింగులు వస్తాయి. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పైనున్న 5 శాతం, అంటే 432 రీడింగులు తీసేస్తారు. తర్వాత మిగిలిన వాటిలో పెద్దది ఏదో దాని మీదే నెల బిల్లు. తీసేసిన ఆ 432 రీడింగులు 36 గంటలతో సమానం.

మన కోచింగ్ సెంటర్ క్లాసులు నెలకు 60 గంటలు. 36 పోయినా ఇంకా 24 గంటలు 200 ఎంబీపీఎస్ దగ్గరే నిలబడతాయి. కాబట్టి బిల్లు 200కే. లెక్క కోసం ఒక ఎంబీపీఎస్‌కు 100 రూపాయలు అనుకుంటే, 1,700 వస్తుందనుకున్న చోట 20,000 వస్తుంది. పైన 18 శాతం జీఎస్టీ కలిపితే 23,600. ఫీజుల మీద నడిచే చిన్న సెంటర్‌కు ఇది మాటలు కాదు.

అవే క్లాసులు వారానికి మూడు రోజులే ఉంటే? నెలకు 28 గంటలు దాటవు. మొత్తం ఆ 36 గంటల్లోనే కలిసిపోతాయి. రిజల్ట్స్ రోజు ఒక్కరోజు రద్దీ కూడా అంతే, బిల్లులో కనిపించదు. రంజాన్‌లో రోజూ రెండు గంటలు బయాన్ లైవ్ ఇచ్చేవాళ్లది మాత్రం కోచింగ్ సెంటర్ పరిస్థితే. వీడియో బదులు 64 కేబీపీఎస్ ఆడియో పంపితే అదే 200 మందికి 13 ఎంబీపీఎస్ చాలు. వినడానికైతే అది బాగానే ఉంటుంది.

కొటేషన్ తీసుకునేటప్పుడు అడగాల్సినవి అడగాలి. బిల్లు మొత్తం డేటా మీదా, పర్సంటైల్ మీదా? కనీసం ఎంత వాడకానికి ఒప్పుకోవాలి, అది దాటితే రేటు అదేనా, ఎక్కువా? పోర్టు గరిష్ఠ వేగం ఎంత? వచ్చే డేటా, వెళ్లే డేటా రెంటిలో ఏది ఎక్కువైతే అది లెక్కేస్తారా? రోజువారీ గ్రాఫ్ చూపిస్తారా? రేటు తక్కువని ఏడాది ఒప్పందం రాయించుకునే వాళ్లుంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రెండు మూడు నెలలు మొత్తం డేటా లెక్క ఉన్న ప్లాన్ తీసుకుని, సర్వర్‌లో వీఎన్‌స్టాట్ లాంటి ఉచిత టూల్‌తో గంట గంటకు వాడకం రాసిపెట్టుకుంటే, ఆ కాగితం చేతిలో పెట్టుకుని బేరం ఆడొచ్చు.