‘ఏ సమస్యా రాలేదు సార్’ అనకండి!

బీటెక్ ఫైనలియర్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు గడగడా చెప్పేశాను. అంతా విన్నాక ఎదురుగా ఉన్నాయన ఒకటే అడిగారు: ‘‘ఈ యాప్ చేస్తున్నప్పుడు మీకొచ్చిన పెద్ద సమస్య ఏంటి? దాన్ని ఎలా పట్టుకున్నారు?’’

‘‘ఏ సమస్యా రాలేదు సార్’’ అన్నాను ధీమాగా. ఆయన చిన్నగా నవ్వి ఫైలు మూసేశారు. సమస్య రాని యాప్ ఉండదని ఆయనకు తెలుసు. సగం కోడ్ తెచ్చి అతికించిన సంగతి నాకు తెలుసు!

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ.. మీరెక్కడ చదువుతున్నా ఈ ప్రశ్న మీకూ వస్తుంది. ప్రాజెక్టు చిన్నదైనా ఫర్వాలేదు. అందులో వచ్చిన తప్పును మీరే పట్టుకుని ఉంటే చెప్పడానికి బోలెడంత ఉంటుంది. డెస్క్‌టాప్, మొబైల్ యాప్‌లు చేసేవాళ్లకు మాటిమాటికీ ఎదురయ్యే ఐదు సమస్యలు, వాటిని విప్పే దారి చూద్దాం.

గుడివాడ ఏఎన్ఆర్ వేరు.. ఆండ్రాయిడ్ ఏఎన్ఆర్ వేరు

గుడివాడలో ఏఎన్ఆర్ అంటే అక్కినేని పేరిట ఉన్న కాలేజీ. ఆండ్రాయిడ్‌లో ఏఎన్ఆర్ అంటే ‘అప్లికేషన్ నాట్ రెస్పాండింగ్’. బటన్ నొక్కాక 5 సెకన్ల దాకా యాప్ ఉలుకూ పలుకూ లేకపోతే ‘మూసేయమంటారా?’ అని ఫోనే అడుగుతుంది. విండోస్‌లోనైతే కిటికీ తెల్లబడి పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది. రెండుచోట్లా జబ్బు ఒకటే.

హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషే లోపలికెళ్లి దోసె వేస్తుంటే బయట వచ్చినవాళ్లకు జవాబిచ్చేదెవరు? యాప్‌లో ఆ కౌంటరే మెయిన్ థ్రెడ్. తెరను గీయడం, టచ్‌కి స్పందించడం దాని పని. పెద్ద ఫైలు చదవడం, ఫొటో కుదించడం, సర్వర్ నుంచి డేటా తేవడం అక్కడ పెట్టకూడదు. మెయిన్ థ్రెడ్‌పై నెట్‌వర్క్ పని చేస్తే ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఏకంగా ఎర్రరే ఇస్తోంది. బరువు పనులను కోట్లిన్‌లో కోరుటీన్‌కి, జావా స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్‌కి అప్పగించండి. పైథాన్ టికింటర్‌లో ‘టైమ్.స్లీప్’ పెట్టి కిటికీ ఎందుకు బిగుసుకుపోయిందా అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. అక్కడ ‘ఆఫ్టర్’ వాడితే సరి.

ఎర్ర అక్షరాలను చూసి భయపడొద్దు

యాప్ ఠక్కున మూసుకుపోయింది. లాగ్‌క్యాట్‌లో యాభై వరుసల ఎర్ర అక్షరాలు. చాలామంది అవి చదవకుండానే కాపీ చేసి వెతకడం మొదలెడతారు. ఆగండి. ముందు ‘కాజ్డ్ బై’ అని ఉన్న వరుసల్లో చిట్టచివరిది చూడండి. అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది. దాని కింద మీ ప్యాకేజీ పేరున్న మొదటి వరుస వెతకండి. ఫైలు పేరు, లైను నంబరు దొరుకుతాయి. దర్యాప్తు అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఎక్కువసార్లు కనిపించేది ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’. లేని వస్తువును వాడబోయామని అర్థం. నల్ అనే ఆలోచనను 1965లో ప్రవేశపెట్టిన శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన ‘బిలియన్ డాలర్ల పొరపాటు’గా చెప్పుకున్నారు. అంత పెద్దాయనే ఒప్పుకున్నప్పుడు మనకు మొహమాటమెందుకు? అయితే ‘నల్ కాకపోతేనే చెయ్యి’ అని ఒక ఇఫ్ పెట్టేసి ఊరుకోకండి. అది నల్ ఎందుకైందో కనుక్కోండి. లేకపోతే క్రాష్ పోతుంది, తప్పు లోపలే ఉంటుంది.

ఫోన్ తిప్పితే ఫారంలో నింపినదంతా మాయమవడం ఇంకో పాత కథ. తెర అడ్డంగా తిరిగినప్పుడు ఆండ్రాయిడ్ మామూలుగా ఆ యాక్టివిటీని తీసేసి మళ్లీ కొత్తగా తయారుచేస్తుంది. మామూలు వేరియబుల్‌లో దాచిన విలువలు దాంతోపాటే పోతాయి. వాటిని వ్యూమోడల్‌లో పెట్టండి.

నాగాయలంక చెరువు గట్టున సిగ్నల్ ఉందా?

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే యాప్ ఒకటి చేశారనుకుందాం. రోజూ వేసిన మేత, నీటి ఉప్పదనం, ఆక్సిజన్ అన్నీ అందులో నమోదవ్వాలి. కాలేజీ వైఫైలో బ్రహ్మాండంగా నడిచింది. నాగాయలంక దగ్గర గట్టు మీద నిలబడి ‘సేవ్’ నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. రైతు రెండోసారి నొక్కాడు, మూడోసారి నొక్కాడు. సిగ్నల్ వచ్చాక ఒకే మేత లెక్క మూడుసార్లు ఎక్కింది. లేదా ఒక్కటీ ఎక్కలేదు. ఆ లెక్క చూసే మర్నాటి మేత వేస్తారు. నష్టం రైతుది.

దీనికి మందు రెండు మాటల్లో ఉంది. మొదటిది, ముందు ఫోన్‌లో రాయండి. ఎస్‌క్యూలైట్‌లోనో, దాని మీద పనిచేసే రూమ్‌లోనో దాచి, ‘ఫోన్‌లో సేవ్ అయింది, ఇంకా పంపాలి’ అని చూపించండి. సిగ్నల్ వచ్చినప్పుడు పంపే పనిని వర్క్‌మేనేజర్ చూసుకుంటుంది. రెండోది, ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక ఐడీ ఇవ్వండి. అదే ఐడీ మళ్లీ వస్తే కొత్తగా ఎక్కించొద్దని సర్వర్‌కి చెప్పండి. ఇక ఎన్నిసార్లు పంపినా లెక్క ఒకటే.

పరీక్షించడానికి దివిసీమ దాకా వెళ్లక్కర్లేదు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి పది నమోదులు చేయండి. యాప్‌ని పూర్తిగా మూసేసి తెరవండి. తర్వాత నెట్ ఆన్ చేయండి. పదికి పది, ఒక్కొక్కటీ ఒక్కసారే వెళ్లాయా?

ఎమ్యులేటర్‌లో నడిచే యాప్ అసలు ఫోన్‌లో సర్వర్‌ని అందుకోకపోవడం కూడా మామూలే. ఫోన్‌లో ‘లోకల్‌హోస్ట్’ అంటే ఆ ఫోనే, మీ ల్యాప్‌టాప్ కాదు. ఎమ్యులేటర్‌కైతే ల్యాప్‌టాప్ చిరునామా 10.0.2.2. ఫోన్‌కైతే రెండింటినీ ఒకే వైఫైలో ఉంచి ల్యాప్‌టాప్ ఐపీ ఇవ్వాలి. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు ‘హెచ్‌టీటీపీ’ని డీఫాల్ట్‌గా ఆపేస్తున్నారన్నదీ మర్చిపోవద్దు.

ఐఫోన్‌ని పడేసిన తెలుగు అక్షరం

మన భాషకు సంబంధించిన బగ్ ఒకటి 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్త అయింది. ‘జ్ఞా’ అక్షరం ఒక రూపంలో మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్‌లో, మ్యాక్‌లో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆపై దీర్ఘం.. ఈ వరుస దగ్గర యాపిల్ అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్ తడబడింది. మామూలుగా టైప్ చేసే ‘జ్ఞా’తో ఇబ్బంది లేదు. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదంటే, తెలుగుతో పరీక్షించని మన యాప్ సంగతేంటి?

‘మచిలీపట్నం’ తీసుకోండి. కంటికి ఐదు అక్షరాలు. జావాలోనో, పైథాన్‌లోనో పొడవు అడిగితే 10 అంటుంది. గుడులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 30. ఊరి పేరుకి 20 బైట్లు చాలనుకుని కత్తిరిస్తే ‘మచిలీప’ దగ్గర ఆగి, పక్కన ప్రశ్నార్థకంలాంటి చెత్త గుర్తు పడుతుంది. తెలుగును బైట్ల లెక్కన కోయకండి. ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. జావాలో అది డీఫాల్ట్ అయింది 18వ వెర్షన్ నుంచే.

‘నా సిస్టమ్‌లో పనిచేస్తోందే!’

బందరులో ఒక రోల్డ్‌గోల్డ్ దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశారనుకోండి. అక్కడి కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోదు. కారణం చాలావరకు మూడింట్లో ఒకటి. కోడ్‌లో ‘డి డ్రైవ్’ అని రాసేశారు, అక్కడ డి డ్రైవే లేదు. జావా కానీ పైథాన్ కానీ ఆ సిస్టమ్‌లో లేదు. లేదా మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో వేసుకున్న లైబ్రరీ అక్కడ లేదు.

ఫైళ్ల దారిని యూజర్ ఫోల్డర్ నుంచి తీసుకోండి. జావాకి జేప్యాకేజ్, పైథాన్‌కి పైఇన్‌స్టాలర్ వాడి కావలసినవన్నీ కలిపి ఇవ్వండి. ప్రోగ్రామింగ్ టూల్స్ ఏవీ లేని బీకామ్ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో వేసి చూశాకే దుకాణానికి తీసుకెళ్లండి.

పట్టుకునే పద్ధతి ఇదీ

సమస్యలు వేలున్నా వెతికే దారి ఒకటే.

మళ్లీ రప్పించండి: ఏం నొక్కితే, ఏ ఫోన్‌లో, ఏ వెర్షన్‌లో వస్తోందో రాసుకోండి. మళ్లీ రప్పించలేని తప్పు పోయిందో లేదో కూడా తేల్చలేం.

సగానికి సగం తగ్గించండి: తప్పు ఏ సగంలో ఉందో తేలిస్తే రెండో సగాన్ని వదిలేయొచ్చు. ఇలా పదిసార్లు చేస్తే వెయ్యి లైన్లు ఒక్క లైనుకొస్తాయి. నిన్న పనిచేసి ఇవాళ చేయకపోతే ‘గిట్ బైసెక్ట్’ ఇదే పని చేసిపెడుతుంది.

ఒకసారికి ఒకటే మార్చండి: నాలుగు మార్చాక పనిచేస్తే ఏది మందో తెలియదు.

ఏఐని అడిగినా అర్థం చేసుకోండి: ఎర్రర్ మొత్తం, వెర్షన్లు, ఇప్పటిదాకా చేసినవి ఇచ్చి అడగండి. వచ్చిన జవాబులో ప్రతి లైనూ పక్కవాళ్లకు తెలుగులో వివరించగలిగితేనే అతికించండి. ఇంటర్వ్యూలో మీ పక్కన ఏఐ ఉండదు.

ఇంటర్వ్యూకి ఇలా..

ఈరోజే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఒక్కో బగ్‌కి నాలుగు వరుసలు చాలు: ఏం కనిపించింది, మొదట ఏమనుకున్నాను, అసలు కారణం ఏంటి, ఎలా సరిచేశాను. ‘మొదట ఏమనుకున్నాను’ తప్పక రాయండి. మీ ఆలోచన ఎక్కడ దారి తప్పి, ఎలా తిరిగొచ్చిందో ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది అక్కడే.

అప్పుడు మీ జవాబు ఇలా ఉంటుంది: ‘‘చెరువు లెక్కల యాప్‌లో ఒకే నమోదు మూడుసార్లు ఎక్కేది సార్. ముందు సర్వర్ తప్పనుకున్నాను. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూస్తే, సేవ్ నొక్కిన ప్రతిసారీ కొత్త రిక్వెస్ట్ వరుసలో చేరుతోందని తెలిసింది. ఫోన్‌లోనే ఐడీ ఇచ్చి ఆపాను.’’ చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ ఇంతకుమించి ఏమీ అడగకుండానే మీరు పని చేసినవాళ్లని తెలిసిపోతుంది.

నన్ను ఆ ప్రశ్న అడిగినాయన ఆ రోజు ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటికొచ్చి ప్రాజెక్టు మళ్లీ తెరిచాను, ఈసారి ఎక్కడి నుంచీ తేకుండా. మొదటి గంటలోనే ఏడు ఎర్రర్లు వచ్చాయి. తర్వాతి ఇంటర్వ్యూలో వాటిలో రెండింటి గురించే మాట్లాడాను.