మంట రంగు మారితే బాయిలర్‌కి ఏమవుతుంది?

"బొగ్గయినా, ఆయిలయినా, గ్యాసయినా కాలితే వచ్చేది వేడే కదా! ఒకే బాయిలర్‌లో మూడూ కాల్చడం అంత గొప్పేమిటి?" ముంబయిలోని ట్రాంబే విద్యుత్ కేంద్రం గురించి చదివిన ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. అడిగిన రోజు నుంచీ నా మనసు ఇంకో విషయం మీదికి పోవడం లేదు.

టాటాల ట్రాంబే కేంద్రం 1956లో 62.5 మెగావాట్ల యూనిట్‌తో మొదలైంది. 1984లో వచ్చిన అయిదో యూనిట్ దేశంలోనే మొదటి 500 మెగావాట్ల యూనిట్. దాన్ని మూడు ఇంధనాలతోనూ నడిచేలా కట్టారు. నీరు ఆవిరి కావడం, ఆవిరి టర్బైన్‌ని తిప్పడం అందరికీ తెలిసిందే. అసలు సంగతి మంట రంగులో ఉంది.

కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే మోకాళ్ళు చుర్రుమంటాయి. గ్యాస్ పొయ్యి పక్కన అంతే దూరంలో నిలబడితే ఆ సెగ తగలదు. ఎందుకని? మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది. పళ్ళేనికి అంటుకున్న ఆ నల్లటి మసే, మంటలో ఉన్నంతసేపూ ఎర్రగా కాగి, పసుపు రంగు వెలుగునిస్తుంది. కంటికి కనిపించే వెలుగుతో పాటు, కనిపించని వేడి కిరణాలనూ నాలుగు దిక్కులా చిమ్ముతుంది. నీలి మంటలో మసి దాదాపు ఉండదు. అందులో వేడిని చిమ్మేవి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. అవీ కొన్ని తరంగదైర్ఘ్యాల్లోనే చిమ్ముతాయి.

మంట వెలుగుకు మసి రేణువులే కారణమని గని దీపం మీద పనిచేస్తున్నప్పుడే హంఫ్రీ డేవీ చెప్పాడు. రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ ఒప్పుకోలేదు. 1859లో భౌతిక శాస్త్రవేత్త టిండాల్‌తో కలిసి మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కి కొవ్వొత్తులు వెలిగించాడు. మైనం కొండ కింద కరిగినంత వేగంగానే కరిగింది, వెలుగు మాత్రం తగ్గింది. అధిక పీడనంలో హైడ్రోజన్ మంట మసి లేకుండానే మెరవడం కూడా చూశాక, వెలుగు చిక్కటి ఆవిరులదే అని తేల్చేశాడు. ఆయన చూసింది నిజమే, తేల్చిందే తప్పు. సూర్యకాంతిని మంట మీదికి ప్రసరింపజేస్తే, సన్నటి ఘన రేణువుల మీద చెదిరినట్టే అది ధ్రువణం చెంది చెదురుతుందని తర్వాత సోరే అనే శాస్త్రవేత్త చూపించాడు.

ఇప్పుడు బాయిలర్‌లోకి తొంగిచూడండి. ఆయిల్ మండుతుంటే కొలిమి నిండా కళ్ళు చెదిరే నారింజ రంగు. గ్యాస్ మండుతుంటే మంటలోంచి అవతలి గోడ గొట్టాలు కనిపిస్తాయి. ఆయిల్ మంట తన వేడిని చుట్టూ ఉన్న నీటి గొట్టాలకే ఎక్కువగా ఇచ్చేస్తుంది. గ్యాస్ మంట అంత ఇవ్వలేదు, మిగిలిన వేడితో పొగ పైకి పోతుంది. అక్కడ 540 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఆవిరి హద్దు దాటబోతుంది, ఆవిరిని ఇంకా వేడిచేసే సూపర్‌హీటర్ గొట్టాలకే ప్రమాదం. బొగ్గయితే బూడిద గోడలకు పట్టి, ఇంకో లెక్క. అందుకే ఇలాంటి బాయిలర్లలో బర్నర్లను కిందికీ పైకీ వంచి మంట గుండాన్నే జరుపుతారు, ఆవిరిలో నీళ్ళు చిలకరిస్తారు. కొలిమిని మాత్రం బొగ్గుకు చాలేంత పెద్దదిగానే కట్టాలి. చిన్న కొలిమి బూడిదను తట్టుకోలేదు.

ఇంత నేర్పు పెట్టి కట్టిన దాన్ని "ఇంధనం మార్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. అలా మార్చే వీలు లేకనే, గోదావరి జిల్లాల్లో గ్యాస్‌నే నమ్ముకుని కట్టిన కేంద్రాలు, ఆ గ్యాస్ తగ్గాక ఏళ్ళ తరబడి ఖాళీగా నిలిచాయి. గ్యాస్ టర్బైన్‌లో బొగ్గు పోయలేం కదా.