లైవ్ వీడియోకి ఎంత నెట్ కావాలి?

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ జరుగుతుండగా, హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది మ్యాచ్ చూశారు. ఒక్కొక్కరికి సెకనుకు 2 మెగాబిట్ల వీడియో వెళ్లిందనుకుందాం. గుణిస్తే సెకనుకు 11.8 కోట్ల మెగాబిట్లు, అంటే 118 టెరాబిట్లు. ఏ ఒక్క సర్వరూ ఇంత డేటాను పంపలేదు.

టీవీకి ఈ చిక్కు లేదు. ఉపగ్రహం నుంచి దిగే సిగ్నల్ ఒకటే. దాన్ని పది ఇళ్లు పట్టుకున్నా, పది లక్షల ఇళ్లు పట్టుకున్నా పంపేవాళ్లకు అదనపు భారం పడదు. ఇంటర్నెట్‌లో మాత్రం చూసే ప్రతి ఫోనుకూ వీడియో విడిగా వెళ్లాలి. అందుకే లైవ్‌కి బ్యాండ్‌విడ్త్ (లైను ఒక సెకనులో మోయగల డేటా) ఎంత కావాలో చూసేముందు, ఈ గుణకారం ఎవరి లైను మీద జరుగుతుందో తేల్చుకోవాలి.

పెద్ద సంస్థలు ఈ గుణకారాన్ని ప్రేక్షకుల దగ్గరికి జరుపుతాయి. స్టేడియం నుంచి వచ్చిన వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి సీడీఎన్ సర్వర్లకు (చూసేవారికి దగ్గర్లో ఉండి కాపీలు అందించే కంప్యూటర్లకు) చేరుస్తారు. హైదరాబాద్‌లో చూసేవారికి వీలైనంతవరకు హైదరాబాద్ నుంచే ముక్కలు అందుతాయి. సిగ్నల్ తగ్గితే ఫోనే తక్కువ నాణ్యత ముక్కను అడుగుతుంది. బొమ్మ మసకబారుతుంది గానీ చాలావరకు ఆగదు.

ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలనే లెక్కకు సగటు పనికిరాదు. రోజంతా ఎంతమంది వచ్చిపోయారన్నది అటుంచి, ఒక్క క్షణంలో అత్యధికంగా ఎంతమంది ఉంటారో చూడాలి. 2019 జులైలో న్యూజిలాండ్‌తో ప్రపంచకప్ సెమీఫైనల్ వేళ హాట్‌స్టార్ ప్రేక్షకులు 2.53 కోట్లకు చేరారు. ధోని రనౌట్ కాగానే జారిపోయారు. వెళ్లిపోయేవాళ్లూ భారమే. అందరూ ఒకేసారి బ్యాక్ బటన్ నొక్కితే, ఆ తాకిడి హోంపేజీని నడిపే సర్వర్ల మీద పడుతుంది. అప్పటికప్పుడు కొత్త సర్వర్లు నిలబెట్టే వ్యవధి ఉండదు కాబట్టి ముందే సిద్ధంగా ఉంచాలి.

ఒక కాలేజీ తన స్నాతకోత్సవాన్ని సొంత సర్వర్ నుంచి చూపిస్తే గుణకారమంతా కాలేజీ లైను మీదే పడుతుంది. అదే 2 మెగాబిట్ల లెక్కన 800 మంది చూస్తే సెకనుకు 1,600 మెగాబిట్లు కావాలి. 1,000 మెగాబిట్ల లైను కూడా చాలదు. యూట్యూబ్ ద్వారా చూపిస్తే కాలేజీ నుంచి బయటికెళ్లేది ఒక్క వీడియోనే.

పెళ్లి లైవ్ కూడా అంతే. అమెరికాలో వందమంది బంధువులు చూసినా, హాలు నుంచి యూట్యూబ్‌కి వెళ్లేది 720పీ నాణ్యతలో సెకనుకు సుమారు 4 మెగాబిట్లు. ఇక్కడ చూసుకోవాల్సింది అప్‌లోడ్ (మన దగ్గర్నుంచి బయటికి పంపే) వేగం. కనీసం దానికి రెట్టింపు, 8 మెగాబిట్లయినా నిలకడగా వచ్చేలా చూసుకోవడం మేలు. పొద్దున్నే ఖాళీ హాల్లో ఫోను నెట్ వేగం చూసి నమ్మకూడదు. ముహూర్తం వేళకు వందలాది ఫోన్లు అదే టవర్‌ను పంచుకుంటాయి. పైగా తాళి కట్టగానే అందరూ వాట్సాప్‌లో వీడియోలు పంపడం మొదలుపెడతారు.

డేటా పరిమితినీ చూసుకోవాలి. సెకనుకు 4 మెగాబిట్లంటే గంటకు 1.8 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్ గంటా ఏడు నిమిషాల్లో అయిపోతుంది. వీలుంటే ఫైబర్ కనెక్షన్ తీసుకుని, వేరే కంపెనీ సిమ్‌ను అదనంగా ఉంచుకోండి. మధ్యలో వీడియో ఆగిందని ఫోనొస్తే ఇంకొకరిని అడగండి. ఒక్కరికే ఆగితే లోపం చాలావరకు వాళ్ల నెట్‌లోనే. అందరికీ ఆగితే ముందు హాల్లో లైను చూడాలి.