ప్రజారోగ్య విద్యలో స్వల్పకాలిక విదేశీ అధ్యయనం: జామ్‌ఖేడ్ అనుభవం

కీలక పదాలు: ప్రజారోగ్య విద్య, విదేశీ అధ్యయనం, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, జామ్‌ఖేడ్, పరస్పర ప్రయోజనం.

ఉపోద్ఘాతం

ప్రజారోగ్యశాస్త్రంలో స్నాతకోత్తర విద్యార్థులు కొన్ని వారాల పాటు మరో దేశానికి వెళ్లి, అక్కడి ఆరోగ్య వ్యవస్థను ప్రత్యక్షంగా పరిశీలించి క్రెడిట్లు పొందే కోర్సులు అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో విరివిగా ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి ఇవి అనుకూలం. అయితే ఇంత తక్కువ వ్యవధిలో విద్యార్థి ఏమి నేర్చుకోగలడు? ఆతిథ్యమిచ్చిన సమాజానికి ఏమి మిగులుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం పాఠాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్న అంశంపైనే ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌ను ఉదాహరణగా తీసుకుంటుంది.

జామ్‌ఖేడ్ నేపథ్యం

వైద్య దంపతులు రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి, స్వదేశానికి తిరిగివచ్చి, 1970లో కరవు పీడిత ప్రాంతమైన జామ్‌ఖేడ్‌లో సమగ్ర గ్రామీణ ఆరోగ్య పథకాన్ని ప్రారంభించారు. ఊరివారే ఎంపిక చేసిన మహిళలకు శిక్షణనిచ్చి గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దడం దీని ప్రధాన లక్షణం. వారిలో చాలామంది నిరక్షరాస్యులు, దళిత కుటుంబాలకు చెందినవారు. పథకం నమోదు చేసిన లెక్కల ప్రకారం 1971లో వెయ్యి జననాలకు 176గా ఉన్న శిశు మరణాలు 1990ల నాటికి 30 లోపునకు తగ్గాయి. 1979లో అరోలే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. తరువాతి కాలంలో ఇక్కడ ఏర్పడిన శిక్షణ సంస్థకు అనేక దేశాల విద్యార్థులు స్వల్పకాలిక కోర్సుల కోసం వస్తున్నారు.

బోధకులు ఎవరు?

ఇక్కడి బోధనలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ముఖ్యమైన స్థానం ఉంది. వారు మరాఠీలో చెప్పే అనుభవాలను విదేశీ విద్యార్థులు అనువాదం ద్వారా వింటారు. పట్టా ఉన్నవారు శ్రోతలుగా, బడికి వెళ్లనివారు గురువులుగా మారే ఈ ఏర్పాటే ఒక పాఠం.

తాగునీటి ఉదాహరణ చూద్దాం. కలుషిత నీటివల్ల అతిసారం వస్తుందని విద్యార్థికి ముందే తెలుసు. కాని జామ్‌ఖేడ్ పరిసర గ్రామాల్లో చేతిపంపులను దళితవాడల్లో వేయించారు. అగ్రవర్ణాలవారు మంచినీటి కోసం అక్కడికే రావలసి వచ్చింది. ఒక సాంకేతిక నిర్ణయం రోగ నివారణతో పాటు అంటరానితనాన్నీ ఎలా ఎదుర్కొన్నదో పంపు ఉన్న చోటును చూస్తే బోధపడుతుంది. గణాంక పట్టికలో ఈ సంగతి కనిపించదు. పరిశీలనకు కొద్ది రోజులే ఉన్నా, చూపించేవారు స్థానికులైనప్పుడు ఇటువంటి అవగాహన సాధ్యమవుతుంది.

నైతిక సమస్యలు

అన్ని కోర్సులూ ఇలా సాగవు. స్వదేశంలో అనుమతి లేని చికిత్సలను విద్యార్థులు విదేశంలో చేయబోవడం, సమాచారాన్ని సేకరించుకుపోయి ఫలితాలను స్థానికులకు తెలియజేయకపోవడం, ఆతిథ్య సిబ్బంది సమయానికి విలువ కట్టకపోవడం తరచూ విమర్శకు గురవుతున్నాయి. 2010లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య శిక్షణ నైతిక మార్గదర్శకాలు ఉభయ పక్షాలకూ సమాన ప్రయోజనం ఉండాలనీ, ఆతిథ్య సంస్థ భరించే నిజమైన ఖర్చును గుర్తించాలనీ, దీర్ఘకాలిక భాగస్వామ్యాలు మేలనీ సూచించాయి. విద్యార్థి బస కొన్ని వారాలే అయినా సంస్థల మధ్య సంబంధం ఏళ్ల తరబడి నిలిస్తే, ఒక బృందం ఆపినచోట మరో బృందం అందుకుంటుంది.

ముగింపు

హైదరాబాద్‌తో సహా మన నగరాల్లోనూ ప్రజారోగ్య స్నాతకోత్తర కోర్సులు నడుస్తున్నాయి. విదేశీ బృందాలను ఆహ్వానించే అధ్యాపకులు ఒప్పందానికి ముందే మూడు అంశాలు తేల్చుకోవాలి: పాఠ్యప్రణాళిక రూపకల్పనలో క్షేత్ర కార్యకర్తల పాత్ర, వారికి చెల్లించే పారితోషికం, సేకరించిన సమాచారంపై స్థానికుల హక్కు. వీటితో పాటు మన విద్యార్థులు అటు వెళ్లే అవకాశాన్నీ కోరాలి. వీసా, ప్రయాణ ఖర్చుల భారం కారణంగా ప్రస్తుతం రాకపోకలు చాలావరకు ఒకే దిశలో సాగుతున్నాయి. ఆ అసమానతను ఒప్పందంలోనే ప్రస్తావించకపోతే పరస్పర ప్రయోజనమన్న మాట కాగితానికే పరిమితమవుతుంది.