పొయ్యి చూసి ప్లేటు పట్టండి

థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్లు ఇప్పుడు బ్యాంకాక్‌తో ఆగటం లేదు. ఉత్తరాన కొండల నడుమ ఉన్న చియాంగ్ మై దాకా వెళ్లొస్తున్నారు. అక్కడి రాత్రి సంతలు చూడాల్సినవే, వీధి వంటలు రుచి చూడాల్సినవే. కాకపోతే వెళ్లేవారి సంచుల్లో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు కూడా ఉంటున్నాయి. ఏది తినొచ్చు, దేన్ని వదిలెయ్యాలి, కడుపు చెడితే ఏ మాత్ర ఆపాలి అన్నవి బయల్దేరే ముందే తెలుసుకోవటం మంచిది.

‘సార్, థాయ్‌లాండ్ వెళ్తున్నాం. అక్కడ రోడ్డు మీద తినొచ్చా?’

ఓపీలో ఈ ప్రశ్న తరచూ ఎదురవుతోంది. నేను ముందుగా ఎదురు ప్రశ్న వేస్తుంటాను. ‘పొద్దున్నే హోటల్లో బఫే తింటారు కదా, దాని సంగతి ఎందుకు అడగలేదు?’ చాలామంది నవ్వేస్తారు. నేను అడిగేది మాత్రం నవ్వించటానికి కాదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, గోరువెచ్చటి పాత్రలో ఆరున్నర నుంచి పదింటి దాకా ఉన్న గుడ్ల వేపుడు కంటే, వీధి చివర బండి మీద మన కళ్లెదుటే సలసల కాగుతున్న గిన్నెలోంచి తీసి ఇచ్చే నూడుల్స్ కడుపుకు ఎంతో భద్రం.

ఆహారంలో బ్యాక్టీరియా వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. అనుకూలమైన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అందుకే వండిన పదార్థం ఆ వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదంటారు. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే. చియాంగ్ మైలో ఏప్రిల్ మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటటం మామూలే. అంటే మధ్యాహ్నం వండి, సాయంత్రం ఆరింటికి సంతలో పేర్చిన వేపుడు ముక్కల గడువు మనం చూసేసరికే తీరిపోయి ఉంటుంది. అవి ఎంత అందమైన ఆకు దొన్నెలో ఉన్నా సరే.

సంతలు ఎక్కడెక్కడ?

చియాంగ్ మై పాతబస్తీ చదరంగా ఉంటుంది. 1296లో మాంగ్‌రాయ్ రాజు నిలిపిన ఊరు. చుట్టూ నీటి కందకం, అక్కడక్కడా కోట గుమ్మాలు. తూర్పు గుమ్మం పేరు థా పే. ఆదివారం సాయంత్రం అక్కడి నుంచి పడమరగా వాట్ ఫ్రా సింగ్ గుడి వైపు వెళ్లే రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. దాదాపు కిలోమీటరు పొడవున సంతే. దారి పక్కన గుళ్ల ఆవరణల్లో తిండి దుకాణాలు పెడతారు. శనివారం సంత దక్షిణాన వువా లాయ్ వీధిలో. అది వెండి పనివాళ్ల పేట. చాంగ్ క్లాన్ రోడ్డులోని నైట్ బజారు రోజూ ఉంటుంది కానీ, అక్కడ తిండి కంటే బేరాలకు వచ్చేవాళ్లే ఎక్కువ. తినటానికే వెళ్లేటట్టయితే నేను ఉత్తర గుమ్మం, అంటే చాంగ్ ఫువాక్ దగ్గరికి వెళ్లమంటాను. కౌబాయ్ టోపీ పెట్టుకుని పంది కాలి మాంసం, అన్నం అమ్మే ఆవిడ బండి అక్కడే. ఆ మాంసం గంటల తరబడి పెద్ద మూకుడులో ఉడుకుతూనే ఉంటుంది. ముందు ఎప్పుడూ జనమే. జనం ఉన్నారంటే సరుకు నిలవ ఉండదు. డాక్టరుగా నాకు నచ్చేది అదే.

ఈ ఊరి ప్రత్యేకం ఖావ్ సోయ్. కొబ్బరిపాల పులుసులో గుడ్డు నూడుల్స్, పైన కరకరలాడే వేపుడు నూడుల్స్, పక్కన ఊరబెట్టిన ఆవఆకు, చిన్న ఉల్లిపాయలు, నిమ్మముక్క. పొగలు కక్కుతూ వస్తే నిశ్చింతగా తినొచ్చు. నిప్పుల మీద కాల్చే పుల్లమాంసం కూడా అంతే. మళ్లీ వేడి చేసి ఇమ్మంటే ఎవరూ చిరాకు పడరు. నామ్ ప్రిక్ నుమ్ అని ఒకటుంటుంది. కాల్చిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లి కలిపి రోట్లో దంచింది. కళ్లు మూసుకుని తింటే మన పచ్చిమిర్చి పచ్చడే అనిపిస్తుంది. ఉడికించిన కూరగాయ ముక్కలు నంజుకోవటానికి ఇస్తారు. షుగరు ఉన్నవారికి నేను మొదట చెప్పే వంటకం ఇదే. అయితే పక్కనే పెట్టే పంది చర్మం వేపుడు జోలికి పోవద్దు. శాకాహారులు అందులో చేపల ఉప్పునీరు కలిపారేమో అడగాలి.

సోమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడును మనం అడిగాకే రోట్లో దంచి ఇస్తారు. తాజానే, కానీ పొయ్యి ఎక్కనిది. కడిగిన నీళ్లు, దంచిన రోలు, పట్టుకున్న చేతులు ఎలాంటివో దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కొన్ని రకాల్లో ఉప్పులో ఊరిన పచ్చి పీత, పులియబెట్టిన చేపల ద్రవం వేస్తారు. అవి వద్దనండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు మామూలు సోమ్ తమ్ రుచి చూడొచ్చు. గర్భిణులు, కీమోథెరపీలో ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మానుకోవాలి.

ఐసు గురించి చాలామంది అతిగా భయపడతారు. మధ్యలో రంధ్రం ఉండే గొట్టం ముక్కల ఐసు ఫ్యాక్టరీల్లో శుద్ధి చేసిన నీటితో తయారవుతుంది. దానితో పెద్దగా ఇబ్బంది ఉండదు. పెద్ద దిమ్మను పగలగొట్టి వేసే పిండి ఐసును మాత్రం వద్దనండి. చేపలను చల్లగా ఉంచటానికి వాడేదీ అలాంటిదే.

పచ్చిమాంసంతో ప్రమాదం

రెండు థాయ్ మాటలు గుర్తుపెట్టుకోండి. ‘సుక్’ అంటే ఉడికింది. ‘దిప్’ అంటే పచ్చిది. లాప్ అనే కొట్టిన మాంసం వంటకం రెండు రకాలుగానూ దొరుకుతుంది. ఉత్తరాది పల్లెల్లో పచ్చి పంది మాంసంతో, పచ్చి నెత్తురుతో చేసినవి కూడా ఇష్టంగా తింటారు. వాటి ద్వారా స్ట్రెప్టోకాకస్ సుయిస్ అనే బ్యాక్టీరియా ఒంట్లో చేరితే మెదడు పొరల వాపు వస్తుంది. బతికి బయటపడ్డవారిలో చాలామందికి శాశ్వతంగా చెవుడు మిగిలిపోతుంది. ఉత్తర థాయ్‌లాండ్ వైద్యులకు ఇది బాగా తెలిసిన జబ్బు. ఇక ఈశాన్య ప్రాంతంలో పచ్చి మంచినీటి చేపలతో చేసే కోయ్ ప్లా ద్వారా కాలేయంలో చేరే ఒక రకం పురుగు పిత్తనాళాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అది పిత్తనాళాల క్యాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. నిమ్మరసం పిండితే మాంసం తెల్లబడుతుంది, ఉడికినట్టు కనిపిస్తుంది. పురుగు మాత్రం చావదు. మద్యంతో తింటే ఏం కాదన్న మాటా నమ్మొద్దు. ఒక్క ముద్దే కదా అని స్నేహితులు బలవంతపెట్టే చోట గట్టిగా ‘వద్దు’ అనాల్సింది దీనికే.

మాత్రలు మానలేదు, అదే ముప్పయింది

ఆమధ్య అరవై దాటిన ఒక రిటైర్డ్ ఉద్యోగిని థాయ్‌లాండ్ నుంచి దిగిన రోజే మా క్యాజువాల్టీకి తీసుకొచ్చారు. నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు లోతుకు పోయాయి. బీపీ 80/50. ప్రయాణానికి ముందు 1.1 ఉన్న క్రియాటినిన్ 4 దాటింది. ‘వీధుల్లో ఏం తిన్నారు?’ అని అడిగితే భార్య జవాబిచ్చారు. ‘ఒక్క ముక్క ముట్టనివ్వలేదండీ. అంతా హోటల్లోనే.’ రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. అన్నం సయించలేదు. అయినా మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. మానకూడదని మేమే కదా చెబుతాం!

ఆయన వేసుకునేవి ఏమిటంటే, టెల్మిసార్టాన్‌తో కలిసిన మూత్రం ఎక్కువ చేసే మాత్ర, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు ఇవి మంచి మందులు. విరేచనాలతో నీరు పోతున్నప్పుడు కథ మారుతుంది. మూత్రం ఎక్కువ చేసే మాత్ర ఉన్న నీటినీ తోడేస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో చక్కెరతో పాటు నీటినీ పంపేస్తుంది. తిండి లేనప్పుడు రక్తంలో కీటోన్లు పేరుకునే ప్రమాదమూ ఉంది. రక్తం తగ్గినప్పుడు కిడ్నీ తన వడపోత ఒత్తిడిని నిలబెట్టుకోవటానికి చేసే ప్రయత్నాన్ని టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లోనే నిలిచిపోయి లాక్టిక్ ఆమ్లం పెరగొచ్చు. ఆయన అదృష్టం బాగుండి సెలైన్లతోనే కోలుకున్నారు. డయాలసిస్ దాకా పోలేదు.

అందుకే ప్రయాణానికి వారం ముందు మీ డాక్టరును కలిసి ఒక చీటీ రాయించుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏయే మాత్రలు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలి అన్నది అందులో ఉండాలి. మామూలుగా తినటం, తాగటం మొదలైన 24 నుంచి 48 గంటల తర్వాత తిరిగి వేసుకోమంటాం. గుండె వైఫల్యం ఉన్నవారికి లెక్క వేరు, సొంతంగా నిర్ణయించుకోవద్దు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా మానెయ్యకూడదు. ముఖ్యంగా టైప్-1 మధుమేహం ఉన్నవారు. మోతాదు మార్చుకోవాల్సి రావొచ్చు కానీ, మానటం ప్రాణాల మీదికి తెస్తుంది. రోజూ స్టెరాయిడ్లు వాడేవారూ అంతే.

గంటన్నర తేడా, కిలోమీటరు నడక

థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర హోటల్లోనే వేసుకుని, సంతలో తిందాంలే అని బయల్దేరి, జనంలో గంట నడిచాక ప్లేటు పట్టుకునేవారికి మధ్యలోనే చెమటలు, వణుకు మొదలవుతాయి. మాత్రగానీ భోజనం ముందు ఇన్సులిన్‌గానీ ప్లేటు చేతికొచ్చే సమయానికే. జేబులో గ్లూకోజు బిళ్లలు ఉంచుకోండి.

చక్కెర పెరిగే దారులూ చాలానే ఉన్నాయి. మామిడిపండు, కొబ్బరిపాల జిగురన్నం చూస్తే నాకే నోరూరుతుంది. జిగురు బియ్యంలో పిండి పదార్థం చాలా త్వరగా జీర్ణమై చక్కెరను గభాలున పెంచుతుంది. పైన తీపి కొబ్బరిపాలు, పక్కన పండు. నలుగురు ఒక ప్లేటు పంచుకుంటే సరి. కనిపించని చక్కెర ఇంకా ఎక్కువ. నూడుల్స్ వేపుడులో, బొప్పాయి సలాడులో కూడా తాటి బెల్లమో పంచదారో వేస్తారు. ‘వాన్ నోయ్’ అంటే తీపి తక్కువ వెయ్యమని. చేపల ఉప్పునీరు పెద్ద చెంచాడు పోస్తే అందులోని సోడియం రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2 గ్రాముల్లో సగం దాటేస్తుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు బల్ల మీది సీసాలను ముట్టకపోవటమే మంచిది.

శాకాహారులకు ఒక గుర్తు చెబుతాను. పసుపు పలక మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. మామూలు కూరగాయల వంటలో చేపల ఉప్పునీరో రొయ్యల ముద్దో ఉండే అవకాశమే ఎక్కువ. రొయ్యలు పడనివారికి ఇది ఇంకా ముఖ్యం. సరదాగా నోట్లో వేసుకునే కీచురాళ్ల వేపుడు కూడా వారికి పడకపోవచ్చు. రెండింటిలోనూ ఉండే ప్రొటీన్ దాదాపు ఒకటే. వేరుశనగ పడనివారు ఆ మాటను థాయ్ భాషలో రాయించిన కార్డు దగ్గర పెట్టుకోవాలి.

ఆస్తమా, సీవోపీడీ ఉన్నవారికి తిండి కంటే గాలి పెద్ద సమస్య. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టే పొగ ఈ లోయలో కమ్ముకుంటుంది. ఆ నెలల్లో వెళ్లకపోతేనే నయం. నవంబరు, డిసెంబరు బాగుంటాయి.

సంచిలో ఏముండాలి?

లీటరు నీటిలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మనిషికి నాలుగైనా ఉండాలి. పండ్ల రుచి పానీయాలు వద్దు. అలాంటివాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది కూడా. మనవాళ్లు తప్పకుండా తీసుకెళ్లే మరొకటి నార్‌ఫ్లాక్ససిన్, టినిడజోల్ కలిసిన మాత్ర. థాయ్‌లాండ్‌లో విరేచనాలకు తరచూ కారణమయ్యే క్యాంపైలోబ్యాక్టర్ ఈ నార్‌ఫ్లాక్ససిన్ కోవ మందులకు చాలావరకు లొంగటం లేదు. అసలు ఎక్కువ సందర్భాల్లో యాంటీబయాటిక్ అక్కర్లేదు, నీరు, లవణాలు అందితే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అవసరమైతే ఏది వాడాలో ముందే అడిగి రాయించుకోండి. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను జ్వరం ఉన్నా, నెత్తురు పడుతున్నా వేసుకోవద్దు.

నెత్తురు విరేచనాలు, ఆగని వాంతులు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవటం, మాటలో తేడా వంటివి కనిపిస్తే హోటల్లో పడుకోవద్దు. అక్కడ అంబులెన్సు నంబరు 1669, టూరిస్టు పోలీసు 1155. ప్రయాణ బీమా కాగితం ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.

తిరిగొచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే డెంగీ పరీక్ష చేయించాలి. జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెవులు మందగించినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. పచ్చి చేప తిన్నవారు కొన్ని వారాలు ఆగి మల పరీక్ష చేయించుకోవాలి, పురుగు ఉంటే మందులతో పోతుంది. ఎక్కడికి వెళ్లారో, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి. ఓపీ రద్దీలో మేం అడగకపోయినా మీరే చెప్పండి.