సైకిలు వీరుని రక్తము చెప్పు సాక్ష్యము

ఆదివారము తెల్లవారుజామున ఉప్పల్ చౌరస్తానుండి హబ్సిగూడ మీదుగా నాచారము వచ్చు దారిలో నిలిచి చూచినచో, పలుచని టైర్ల సైకిళ్లపై శిరస్త్రాణములు ధరించి గుంపులుగా సాగిపోవు యువకులు కనబడుదురు. ఎండ ముదురకముందే వారు తిరిగివచ్చి నాచారములోని ఒక చాయ్ హోటలు ముందు సైకిళ్లు ఆనించి కూర్చుందురు. పదిమంది సైకిలు ప్రియులు ఒకచోట చేరినచో ప్రసంగము ఎటు మొదలైనను చివరకు ఒక్క ప్రశ్నకే చేరును. స్లొవేనియా దేశీయుడైన తాదె పొగాచార్ ఇన్ని పందెములు ఎట్లు గెలుచుచున్నాడు?

మొన్న ఒక ఉదయమున నేనును ఆ బల్లపై కూర్చుండి వినుచుంటిని.

"మనిషైతే ఆ కొండ అట్ల ఎక్కలేడు. ఏదో మందు ఉన్నది" అని ఒకడనెను.

"పరీక్షల దొరికిండా? దొరకనప్పుడు ఎట్లంటవ్?" అని రెండవవాడు.

"లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గూడ ఏడేండ్లు గెలిచిండు. అప్పుడు దొరికిండా?" అని మూడవవాడు.

వాదము తేలలేదు. అందరును లేచి వెళ్లిన తరువాత, మా కళాశాలలో చదువుచున్న ఒక కుర్రవాడు మాత్రము నిలిచెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములోని సైకిలు పందెముల వలయములో అభ్యాసము చేయుచు, రాష్ట్రస్థాయి పోటీలకు పోవలెనని ఆశపడుచున్నవాడు. జేబులోనుండి ఒక చిన్న సీసా తీసి చూపెను. వ్యాయామశాలలో ఎవరో ఇచ్చిరట. "సార్, పెద్దోళ్లందరు తీసుకునేటోళ్లే అయితే, నేను తీసుకుంటే తప్పేంది?" అని అడిగెను.

చాయ్ హోటలు వాదము వినోదమే కావచ్చును. కాని ఈ ప్రశ్న వినోదము కాదు. దీనికి సమాధానము చెప్పవలెనన్నచో మొదట విజ్ఞానశాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలిసికొనవలెను.

కొండ ఎక్కు లెక్క

పొగాచార్ 2020, 2021, 2024, 2025 సంవత్సరములలో టూర్ ద ఫ్రాన్స్ గెలిచినాడు. 2024లో ఇటలీ పందెమును, ఫ్రాన్సు పందెమును, ప్రపంచ విజేత పదవిని ఒకే ఏట సాధించెను. అంతకు పూర్వము అట్లు సాధించిన పురుషులు ఇద్దరే: 1974లో ఎడ్డీ మెర్క్స్, 1987లో స్టీఫెన్ రోష్.

అనుమానమునకు ముఖ్యమైన ఆధారము 2024 జూలైలో ప్లాటో ద బెయ్ అను కొండపై జరిగిన ఆరోహణము. ఆ దారి సుమారు 15.8 కిలోమీటర్లు, సగటు వాలు నూటికి 7.9. దానిని పొగాచార్ దాదాపు 40 నిమిషములలో ఎక్కినాడు. 1998లో మార్కో పంతానీ నెలకొల్పిన కాలముకంటె ఇది మూడు నిమిషములకు పైగా తక్కువ. పంతానీ కాలము సైకిలు పందెములలో మందుల వాడుక విచ్చలవిడిగా సాగిన కాలము. కావున అనుమానము సహజమే.

ఇప్పుడు కాగితముపై లెక్క వేయుదము. 15.8 కిలోమీటర్లలో నూటికి 7.9 వంతున ఎక్కినచో ఎత్తు సుమారు 1250 మీటర్లగును. ఒక కిలోగ్రాము బరువును ఒక మీటరు ఎత్తుటకు 9.8 జౌళ్ల శక్తి కావలెను. మనిషి 66 కిలోలు, సైకిలు, బట్టలు, నీళ్ల సీసా 8 కిలోలు, మొత్తము 74 కిలోలనుకొందము. 74ను 9.8తోను 1250తోను గుణించినచో దాదాపు 9 లక్షల జౌళ్లు. దీనిని 40 నిమిషములకు, అనగా 2400 సెకండ్లకు పంచినచో, సెకండుకు సుమారు 378 జౌళ్లు, అనగా 378 వాట్లు. ఇది భూమ్యాకర్షణను జయించుటకు మాత్రమే. గాలి నిరోధము, టైర్ల ఒరపిడి, గొలుసులో నష్టము కలిపినచో 450 వాట్లకు చేరును. మనిషి బరువుతో భాగించినచో కిలో ఒక్కింటికి సుమారు 6.8 వాట్లు.

నాచారమునుండి కనబడు మౌలాలీ గుట్టవంటి ఎత్తు ఎక్కునపుడు చక్కగా సాధన చేసిన మన ఔత్సాహికుడు కిలోకు మూడు, నాలుగు వాట్లు చాలసేపు ఇయ్యగలిగినచో మెచ్చుకొనవలసినదే. అందుచేత 6.8 అద్భుతమైన సంఖ్యయే. కాని అది నేరమునకు రుజువగునా?

కాదు. మన లెక్కలో ఎన్ని ఊహలున్నవో చూడుడు. గాలి వెనుకనుండి వీచినదా, ముందునుండియా? ఎంతసేపు తోటి రౌతుల చాటున సాగినాడు? ఇవి మారినచో సంఖ్య మారును. అంతేకాక 1998నాటి సైకిలు వేరు, నేటి సైకిలు వేరు. టైర్లు, దుస్తులు, కూర్చుండు భంగిమ, అన్నియు మారినవి. నాటి రౌతులు పందెములో తినినదానికంటె నేటివారు చాల ఎక్కువగా, గంటకు 100 గ్రాములకు పైబడి, చక్కెర పదార్థములను జీర్ణించుకొనుటకు కడుపునకు సైతము శిక్షణ ఇచ్చుచున్నారు. కొండ లెక్క ప్రశ్న అడుగుటకు పనికివచ్చును; తీర్పు చెప్పుటకు పనికిరాదు.

రక్తములోని రహస్యము

కండరములు పనిచేయుటకు ఆమ్లజని కావలెను. దానిని ఊపిరితిత్తులనుండి మోసికొనిపోవు కూలీలు ఎర్ర రక్తకణములు. కూలీలు పెరిగినచో సరకు ఎక్కువగా చేరును. ఈ కణములను ఎముకల మూలుగ తయారుచేయును. ఎన్ని తయారుకావలెనో ఆజ్ఞ ఇచ్చునది మూత్రపిండములలో పుట్టు ఎరిత్రోపోయిటిన్ అను పదార్థము. దీనిని పొట్టిగా ఇపివో అందురు. కొండప్రదేశములలో ఆమ్లజని పలుచబడినపుడు మూత్రపిండములు ఇపివోను ఎక్కువగా విడుచును. అందుకే క్రీడాకారులు ఎత్తైన చోట్ల వారములకొలది శిక్షణ పొందుదురు.

1980ల చివర కృత్రిమముగా తయారైన ఇపివో ఔషధముగా వచ్చెను. మూత్రపిండములు చెడిన రోగులకు అది వరమైనది. నేడు మన నగరములో డయాలిసిస్ చేయించుకొనువారిలో ఎందరికో రక్తము నిలుపుచున్నది ఈ మందే. కాని ఆరోగ్యవంతుడైన పందెపుమనిషి చేతికి చిక్కినచో అదే మందు దొంగ ఆయుధమగును. రక్తము చిక్కబడి గడ్డకట్టుటకును, గుండెకును మెదడుకును ముప్పు వాటిల్లుటకును అవకాశమున్నది.

పరీక్షల కథ

1967 జూలైలో ఇంగ్లండు వీరుడు టామ్ సింప్సన్ ఫ్రాన్సులోని వాంతూ పర్వతముపై సైకిలునుండి కూలి మరణించెను. అతని దేహములో ఆంఫెటమిన్ అను ఉత్తేజక ఔషధము కనబడినది. అది బయటి పదార్థము, మూత్రములో పసిగట్టవచ్చును. ఇపివో అట్టిది కాదు. అది శరీరములో సహజముగా ఉండునదే. దొంగ మన ఇంటివాని వేషముతో వచ్చినచో పట్టుట ఎట్లు?

తొలుత చేసినది ముతక పని. రక్తములో ఎర్రకణములు ఆక్రమించు భాగమును హిమాటోక్రిట్ అందురు. పురుషులలో ఇది సామాన్యముగా నూటికి 40 నుండి 50 వరకు ఉండును. 1997లో అంతర్జాతీయ సైకిలు సంఘము, 50 దాటిన పురుషుడు కొన్నాళ్లు పందెమునుండి తొలగవలెనని నియమించినది. దీని ఫలితమేమనగా, 42 సహజముగా గలవాడు మందుతో 49 వరకు ఎగబ్రాకుటకు దారి చూపినట్లయినది. సహజముగానే 51 గలవాడు నిష్కారణముగా అనుమానమునకు గురియయ్యెను.

2000లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మెరుగైన ఉపాయము ప్రకటించిరి. కృత్రిమ ఇపివోను ఒక జాతి ఎలుకవంటి జంతువు కణములలో పెంచుదురు. ఆ కణములు ఇపివో అణువునకు తగిలించు చక్కెర తోకలు మనిషి కణములు తగిలించువానికంటె కొంచెము భిన్నము. అందుచేత వాని విద్యుదావేశములు వేరు. విద్యుత్తు సహాయమున మూత్రములోని ఇపివోను విడదీసినచో రెండును వేర్వేరు చోట్ల చారలుగా నిలుచును. అయితే ఈ మందు కొద్దిదినములలోనే శరీరమునుండి మాయమగును. చిన్న చిన్న మోతాదులలో రాత్రివేళ తీసికొన్నవాడు తప్పించుకొనగలడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుండి 2005 వరకు ఏడు టూర్లు గెలిచి, చివరకు 2012లో వానినన్నిటిని కోల్పోయినది ముఖ్యముగా తోటి రౌతుల సాక్ష్యముల వలన. 2013 జనవరిలో అతడే నేరమంగీకరించెను. కాబట్టి చాయ్ హోటలులో మూడవవాడు అన్నది నిజమే: దొరకకపోవుట నిర్దోషిత్వమునకు పూర్తి రుజువు కాదు.

ఎవరి రక్తమునకు వారే కొలత

ఈ చిక్కుకు 2008లో సైకిలు సంఘము అవలంబించిన విధానము జీవ పాస్‌పోర్టు. ఇందులోని భావము చక్కనిది. ఒక మనిషి రక్తమును లోకమందరి సగటుతో కాక, అతని పూర్వపు రక్తముతోనే పోల్చవలెను. ప్రతి మనిషికి జన్మతః ఒక ముద్ర ఉండునను భావము ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో లాల్జీ సింగ్ డి.ఎన్.ఏ. వేలిముద్రల విద్యను పెంపొందించెను. ఆ విద్యకై వెలసిన సంస్థ కొంతకాలము నాచారములో ఉండి, నేడు ఉప్పల్‌లో నున్నది. పాస్‌పోర్టులో చూచునది మారని ముద్ర కాదు, ఒక మనిషిలో మారుచుండు రక్తపు తీరు.

ఒక ఉదాహరణము. ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. అప్పుడే పుట్టిన పసికణములు మొత్తములో నూటికి ఒకటి అటునిటు ఉండును. లీటరు రక్తములోని హిమోగ్లోబిన్ గ్రాములనుండి, పసికణముల శాతముయొక్క వర్గమూలమును 60తో గుణించి తీసివేసినచో ఒక సూచిక వచ్చును. హిమోగ్లోబిన్ 150, పసికణములు 1 శాతము అయినచో సూచిక 90. ఇపివో వాడి ఆపినవానిలో హిమోగ్లోబిన్ 165కు పెరిగియుండవచ్చును. కాని శరీరము "కూలీలు చాలినంతమంది ఉన్నారు" అని తలచి మూలుగకు సెలవిచ్చును. పసికణములు 0.25 శాతమునకు పడిపోయినచో సూచిక 135. మందు కనబడకున్నను దాని అడుగుజాడ కనబడినది.

ఎత్తైన చోట శిక్షణ, నీరు తగ్గుట, జబ్బు, ఇవియు అంకెలను మార్చును. అందుచేత యంత్రము వేలెత్తి చూపినంత మాత్రమున శిక్ష లేదు. ముగ్గురు నిపుణులు, మనిషి పేరు తెలియకుండ, పత్రములు పరిశీలించి ఏకాభిప్రాయమునకు రావలెను.

కొత్త ఉపాయములకు కొత్త నియమములును వచ్చుచున్నవి. కార్బన్ మోనాక్సైడు కొద్దిగా పీల్పించి రక్తములోని మొత్తము హిమోగ్లోబినును కొలుచు పద్ధతి కలదు. కొలతకై మొదలైనది, పలుమార్లు పీల్చినచో ఎర్రకణములను పెంచు సాధనముగా మారునేమోయను శంకతో సైకిలు సంఘము 2025లో దాని వాడుకను అదుపు చేసినది.

నూటికి ఒక్క తప్పు

ఇంత జాగ్రత్త ఎందులకు? ఊహకై వేయిమంది రౌతులను తీసికొందము. అందులో 50 మంది దోషులు, 950 మంది నిర్దోషులు. ఒక పరీక్ష దోషులలో నూటికి 80 మందిని పట్టునని, నిర్దోషులలో నూటికి ఒక్కనిని మాత్రమే పొరపాటున పట్టునని అనుకొందము. మంచి పరీక్షయే గదా! అది 40 మంది దోషులను, దాదాపు 10 మంది నిర్దోషులను పట్టును. పట్టుబడిన ప్రతి అయిదుగురిలో ఒకడు నిరపరాధి. "ఎక్కువగా గెలిచినాడు గనుక దోషి" అను చాయ్ హోటలు పరీక్ష నిర్దోషులలో నూటికి ఎందరిని పట్టునో పాఠకులే ఊహింపవచ్చును.

పొగాచార్ విషయమున నేడు చెప్పగలిగినదింతే: అతనిపై నేరము రుజువు కాలేదు. సైకిలు చరిత్ర తెలిసినవారికి అనుమానము రావచ్చును. అనుమానము పరీక్షకు కారణము కావలెను; తీర్పు కారాదు.

మన ఇంటి సంగతి

దూరదేశపు కొండను గూర్చి వాదించు మనము మన ముంగిలిని చూడవలెను. 2024లో భారతదేశములో 7113 నమూనాలు పరీక్షింపగా 260 దోషయుక్తములని తేలినవి. అనగా నూటికి మూడున్నరకు పైబడి. అయిదువేలకు మించి పరీక్షలు జరిపిన దేశములలో ఇదే హెచ్చు నిష్పత్తి. హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిశా వేగపు రాణి ద్యుతీ చంద్ నమూనాలలో 2022 డిసెంబరులో నిషిద్ధ పదార్థములు కనబడినవి. తెలిసి తీసికొనలేదను వాదము నిలువక, 2023లో నాలుగేండ్ల నిషేధము పడెను. ఇందలి న్యాయసూత్రము కఠినము: దేహములో ఏమి చేరినను దానికి క్రీడాకారుడే బాధ్యుడు. "ఎవరో ఇచ్చిరి" అను మాట రక్షింపదు.

ఇక ఆ కుర్రవాని ప్రశ్నకు వత్తము. "అందరును తీసికొందురు" అనునది రుజువైన సత్యము కాదు, వినికిడి. ఆ వినికిడిని నమ్మి సీసా మూత తీసినవానికి కలుగు నష్టము మాత్రము వినికిడి కాదు. నేను ఆ సీసాను త్రిప్పి చూచితిని. దానిపై ఏ పదార్థముల పేర్లును లేవు. "ఇందులో ఏమున్నదో నీకు తెలియునా?" అంటిని. "తెల్వదు సార్" అనెను. "నీకు తెలియనిదానికి నాలుగేండ్లు నీవే జవాబు చెప్పవలెను" అంటిని. అతడు సీసాను నా చేతిలో పెట్టి సైకిలెక్కెను.

జబ్బుకై వైద్యుడు ఇచ్చు మందులలోను నిషిద్ధములు ఉండవచ్చును. మందు పేరు చెప్పినచో అది నిషిద్ధమా కాదా తెలుపు సదుపాయమును జాతీయ డోపింగు నిరోధక సంస్థ ఫోనులోనే కల్పించినది. పోటీలకు పోవు ప్రతి బాలుడును, వారి తల్లిదండ్రులును దీనిని వాడుకొనవలెను. పేరులేని సీసాకు మాత్రము ఏ పరీక్షయు అక్కరలేదు. దానిని ముట్టకుండుటయే ఉత్తమము.